యాత్రబండిలో నిండు చెంబు

మొన్న మా వీధి మొదట్లో మునిసిపాలిటీవాళ్ళు కొత్తగా ఒక హంపు వేశారు. బడిపిల్లల కోసమట, మంచిదే. కానీ వేసిన మేస్త్రీకి తారు బాగా మిగిలిపోయిందో ఏమో, దాన్ని హంపు అనడానికి లేదు, పొలం గట్టు అనాలి. నేనుండే అద్దె ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే దాన్ని దాటే ప్రతి బండీ కనిపించకపోయినా వినిపిస్తుంది. ఏ బండికి కింద స్ప్రింగు పట్టీల కమాను అరిగిందో, దేనికి బుష్షులు పోయాయో, ఎవడు గ్రీజు పెట్టించి ఎన్నాళ్ళయిందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆ ఉదయం ఒక అంబులెన్సు వచ్చింది. హంపు ముందు పూర్తిగా నిలిచి, ముందు చక్రాలను మెల్లగా ఎక్కించి దించి, మళ్ళీ కాసేపు ఆగి, వెనక చక్రాలను ఎక్కించి దించి వెళ్ళిపోయింది. లోపల ఎవరున్నారో నాకు తెలియదు. అది దాటేదాకా నేను కుర్చీ చేతులు బిగపట్టుకుని ఊపిరి ఆపుకుని ఉన్నానని మాత్రం దాటిపోయిన తర్వాతే తెలిసింది. మా కోడలు చూసి బీపీ మాత్ర వేసుకున్నారా మామయ్యా అని అడిగింది. వేసుకున్నానమ్మా అన్నాను. అది మాత్రతో తగ్గేది కాదని చెప్పాలంటే మా యాత్రబండి సంగతంతా చెప్పాలి, ఆ అమ్మాయికి వంటింట్లో పాలు పొంగుతున్నాయి. అందుకని మీకు చెబుతున్నాను. నా వయసు వాళ్ళయితే మధ్యలో లేచిపోరు.

మా తాత బంగారు గనులకు కొయ్య సరఫరా చేసే కాంట్రాక్టరు. లోపల సొరంగాల పైకప్పు కూలకుండా నిలబెట్టే దుంగలన్నీ ఒక కాలంలో ఆయన లారీల మీదే వచ్చేవి. ఆయన పచ్చగా ఉన్న రోజుల్లో ఒక బస్సు ఛాసీ కొని, బెంగుళూరులో దానిమీద ఇల్లు కట్టించాడు. ఇల్లంటే నిజంగా ఇల్లే. రెండు పక్కలా టేకు బల్ల మంచాలు, పైన నీళ్ళ ట్యాంకు, వెనక మూల స్టవ్వు పెట్టుకునే గట్టు, కిటికీలకు ఇత్తడి గుబ్బల రెక్కలు, డ్రైవరు సీటు వెనక గోడలో చిన్న దేవుడి గూడు. ఇప్పుడు ఇలాంటివాటిని మోటర్‌హోమ్ అంటున్నారు, బెంగుళూరులో వారాంతానికి అద్దెకిస్తున్నారట. మా తాత సరదా కోసం చేయించలేదు. పరాయి కప్పు కింద నిద్రపోకూడదు, పరాయి పొయ్యి మీద వండింది తినకూడదు అన్నది మా ఇంటి పట్టుదల. తిరుపతి వెళ్ళినా రామేశ్వరం వెళ్ళినా సత్రం గుమ్మం తొక్కకుండా మా ఇంట్లోనే పడుకుని మా ఇంటి అన్నమే తిని రావాలని చేయించాడు. మేము దాన్ని యాత్రబండి అనేవాళ్ళం. ఊళ్ళోవాళ్ళు ఇల్లుబండి అనేవాళ్ళు.

ఆ బండికి ఒక ఆచారం ఉండేది. ప్రయాణానికి ముందు అంచు దాకా నీళ్ళు నింపిన ఇత్తడి చెంబును దేవుడి గూట్లో పెట్టి, బండిని అలా ఊరి చివర దాకా పోనిచ్చి తిరిగి తెచ్చేవాళ్ళు. నీళ్ళు గూటి కింద నేల మీదికి కారితే ఆ రోజు ప్రయాణం లేదు. తాత స్వయంగా బండి కిందికి తొంగి చూసి, లోపం ఎక్కడుందో పట్టి, అది సరిచేసిన తర్వాతే ఆడవాళ్ళనూ పిల్లలనూ ఎక్కనిచ్చేవాడు. అందులో దైవభక్తి ఎంతో, కమానుల మీద శ్రద్ధ ఎంతో నేను విడదీసి చెప్పలేను.

తర్వాత కాంట్రాక్టు పోయింది, తోటలు పోయాయి, లారీలు పోయాయి. ఎలా పోయాయో చెప్పడం నాకిష్టం లేదు. పోయినవాటిని వరస పెట్టి చదువుకునే అలవాటు మా ఇంట్లో లేదు. నాకు ఊహ బాగా తెలిసేసరికి మిగిలింది రాబర్ట్‌సన్‌పేటలో ఎత్తయిన ఇనప గేటు ఉన్న పాత ఇల్లు, దాని పెరట్లో రేకుల పందిరి కింద యాత్రబండి, మేము ముగ్గురం. మా నాన్న తోబుట్టువులు ఇద్దరు, అత్త, చిన్నాయన. అమ్మానాన్నలు నా చిన్నతనంలోనే పోవడంతో నన్ను పెంచింది ఆ ఇద్దరే. అత్త భర్త పోయాక పుట్టింటికి వచ్చి ఇల్లు చేతిలోకి తీసుకుంది. చిన్నాయన పెళ్ళి చేసుకోలేదు. ఆ ఇనప గేటు మాత్రం ఎప్పుడూ మూసే ఉండేది. లోపల సున్నం రాలిన గోడలు ఎవరికీ కనిపించకూడదు. పనివాళ్ళను మాన్పించిన సంగతి కూడా గేటు దాటలేదు, అత్త తెల్లవారకముందే వాకిలి ఊడ్చేసుకునేది.

అత్త నడక మీరు చూసి ఉండాల్సింది. దూలం మింగినట్టు నిటారుగా, ఎవరినీ చూడనట్టు, అందరూ తనను చూస్తున్నారని తెలిసినట్టు నడిచేది. అలాంటి మనిషి మిద్దె మీద రాగులు ఎండబోసి దిగుతూ ఒక రోజు మెట్ల మీద నుంచి వెల్లకిలా పడింది. అప్పటికి నేను గనుల స్టోర్సు ఆఫీసులో గుమాస్తాగా చేరి కొద్ది కాలమే అయింది. కబురందుకుని పరుగెత్తుకొచ్చాను. డాక్టరు వచ్చి చూసి, వెన్నులో ఒక పూస జరిగి నరాన్ని ఒత్తుతోందనీ, ఇప్పటికి కాళ్ళలో కదలిక ఉంది గానీ వెన్ను ఒక్కసారి గట్టిగా కుదిలితే ఆ కాళ్ళు మళ్ళీ పనికిరావనీ, వెల్లకిలా పడుకోబెట్టినది పడుకోబెట్టినట్టే వేలూరు తీసుకెళ్ళాలనీ చెప్పాడు. అక్కడి పెద్ద డాక్టరు గురువారం చూస్తానన్నాడు. అందాకా పూటపూటా కాలి బొటనవేళ్ళు కదిలించమని అడగండి, రెండూ కదులుతున్నంతవరకు భయం లేదు అని నాకు విడిగా చెప్పి వెళ్ళాడు. ఆ రోజు నుంచి నిద్ర లేవగానే నేను మొదట చూసింది దేవుడి పటం కాదు, మా అత్త బొటనవేళ్ళు.

రైల్లో తీసుకెళ్ళాలంటే మా ఊళ్ళో ఎక్కించి, బంగారుపేటలో దించి మళ్ళీ ఎక్కించి, కాట్పాడిలో దించాలి. ఊళ్ళో ఉన్న అంబులెన్సు పాత జీపు. దాని బల్ల మీద అత్త కాళ్ళు చాచి పడుకునేంత చోటు లేదు, అది ఎగిరే ఎగురు ఊరందరికీ తెలుసు. పూర్తిగా చాచి పడుకునే మంచం ఉన్న బండి మా చుట్టుపక్కల ఒక్కటే ఉంది, అది మా పెరట్లోనే ఉంది. తెరిచి చూస్తే ఇంజను నడుస్తోంది గానీ బండి ఒక పక్కకు ఒరిగి నిలబడింది. చిన్నాయన కిందికి దూరి చూసి, బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. వెనక ఎడమ కమాను కట్టలో అన్నిటికన్నా పై పట్టీ, బరువంతా మోసేది, పిన్ను దూర్చే చెవి దగ్గర విరిగిపోయింది. పిన్నులు సగానికి అరిగాయి, బుష్షుల్లో రంధ్రాలు కోడిగుడ్డులా సాగిపోయాయి.

లారీ షెడ్డుకు ఈడ్పించుకుని పోదామా అని నేను అడిగాను. చిన్నాయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"నాయన బండిని షెడ్డులో ఎత్తి నిలబెడితే, పోయేవాడూ వచ్చేవాడూ దాని కిందికి తొంగి చూసి పోతాడు. మన ఇంట్లోనే ఇప్పుతాం, మన ఇంట్లోనే బిగిస్తాం. పోయి ఆ గేటు ముయ్యి."

గేటు అప్పటికే మూసి ఉంది. నేను వెళ్ళి గడియ కూడా వేసి వచ్చాను.

అత్త పని ఎలా జరుగుతోందో చూస్తానని పట్టుబట్టింది. ఆమెను బల్ల మీదే మెల్లగా వెనక వరండాలోకి చేర్చాము. తల ఎత్తకూడదు, పక్కకు తిరగకూడదు. అందుకని బీరువా తలుపుకున్న అద్దం ఊడదీసి ఇవ్వమంది. దాన్ని గుండెల మీద నిలబెట్టుకుని, ఇంటి కప్పును చూస్తూనే, ఆ అద్దంలో మమ్మల్నీ బండినీ చూసేది. మేము ఎక్కడ చెయ్యి పెట్టినా ఆ అద్దం కాస్త కదిలి మా వైపు తిరిగేది. జాకీతో బండి ఎత్తగానే, ఊడదీసిన చక్రాలు గోడకు ఆనించకండి, బండి చట్రం కింద పడుకోబెట్టండి, జాకీ జారితే చక్రం కాచుకుంటుంది, నాయన అట్లే చేసేవాడు అని మొదటి మాట. కిరసనాయిలు పోసి నానబెట్టినా కమాను కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు తుప్పు పట్టి తిరగలేదు. ఆకురాయి లాంటి ఆ తుప్పును రంపంతో కోస్తుంటే చిన్నాయన చేతులు పగిలాయి. ఒక్కో కమాను కట్ట కిందికి దిగేసరికి ఇద్దరమూ నేల మీద కూలబడ్డాము.

విరిగిన పట్టీని గోనెసంచిలో చుట్టి భుజం మీద పెట్టుకుని నేను బంగారుపేట పాసింజరు ఎక్కాను. జంక్షను వెనక కమాన్లు కాల్చి వంచే కొలిమి ఒకటి ఉండేది. మా తాత ఫస్టు క్లాసులో దిగిన స్టేషనులో తుప్పు ఇనుము మోసుకుని దిగాను. నా నడక మాత్రం అత్త నేర్పిన నడకే. సంతలో కూర్చున్న ఒకాయన గుర్తుపట్టి, పక్కవాడికి వినపడేలా అన్నాడు.

"ఏం సామీ, తాత కాలాన దుంగలు మోయించిరి, మనవడు ఇనుము మోస్తా ఉండాడే!"

"మోసేది మా ఇనుమే కదప్పా" అన్నాను, ఆగకుండా.

కొలిమి దగ్గర చిన్నాయన చెప్పి పంపిన మాట చెప్పాను. విరిగినదానికి బదులు కొత్తది ఒకటి, కొత్త పిన్నులూ బుష్షులూ, దానితోపాటు వెనక రెండు కట్టలకూ చెరొక పట్టీ అదనం. కొలిమి వాడు బండిలో ఏం లోడు వేస్తారని అడిగాడు. అది నీకనవసరం అని చెప్పమని కూడా చిన్నాయన ముందే చెప్పి పంపాడు. చిన్నాయన ఆలోచన నాకు తెలుసు, అందులో నాకూ పాలు ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఆ బండి వెనక భాగం వాలిపోయి ఉండడం మా ఇద్దరికీ కంటకంగా ఉండేది. తాత రోజుల్లో నిలబడినట్టు ఎత్తుగా, నిటారుగా నిలబడాలి. బాగుపడటమంటే మాకు నిటారుగా నిలబడటమే, మరో అర్థం తెలియదు.

బిగించి, జాకీ దించగానే బండి నిజంగానే నిలబడింది. గీత గీసినట్టు నిలబడింది. చిన్నాయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. అత్త అద్దంలో చాలాసేపు చూసి, బాగుండాది, చెంబు పెట్టి పోయి రాండి అంది.

చెంబు అంచు దాకా నింపి గూట్లో పెట్టాను. నేను దాని పక్కనే నిలబడ్డాను, చిన్నాయన నడిపాడు. గేటు దాటీ దాటగానే కాలువ మూత మీద బండి ఎగిరిపడింది. అక్కడి నుంచి ప్రతి గుంతా నా దవడల్లో తెలిసింది. ఆండర్సన్‌పేట చేరేలోపలే నా చొక్కా తడిసింది, గూటి కింద నీళ్ళ మడుగు కట్టింది. తిరిగి వచ్చి చెంబు చూస్తే సగానికి తక్కువే ఉన్నాయి. చిన్నాయన స్టీరింగు వదలకుండా ముందుకే చూస్తూ కూర్చున్నాడు. చెంబు తీసుకెళ్ళి అత్తకు చూపించాల్సింది నేనే.

ఆమె చెంబును తాకి, లోపలికి వేళ్ళు పెట్టి కొలిచి చూసింది.

"దీన్లో నన్ను పండబెట్టేదాని కన్నా రోట్లో ఏసి దంచరాదా? వేలూరు దాకా పోయే కష్టం తప్పుతాది."

"కొత్త ఇనుము అక్కా" అన్నాడు చిన్నాయన. "నాలుగు దినాలు తిరిగితే మెత్తబడతాది."

"నాలుగు దినాలు యాడుండాయిరా? ఆ కాలాన బండి నిండా మనుషులం. ట్యాంకు నిండా నీళ్ళు, ట్రంకు పెట్టెలు, బియ్యం మూటలు. ఆ బరువుకు నాయన అన్ని పట్టీలు ఏయించినాడు. ఇప్పుడు ఎవురుండారు? ఒక ముసలిదాన్ని మోసేదానికి అంత ఇనుము ఎందుకు? అదనంగా ఏసిన కొత్తవి తీసెయ్యి. పాతవాట్లో కూడా పక్కకు ఒకటి తీసెయ్యి."

"తీస్తే బండి కుంగతాది."

"కుంగనీ."

అది మంగళవారం సాయంత్రం. చిన్నాయన ఆ రాత్రి భోజనం చేయకుండా పెరట్లో బండి ముందు నిలబడి ఉండిపోయాడు. మా ఇంట్లో ఎవరినోటా కుంగనీ అన్న మాట నేను అదివరకు వినలేదు, ఆయన కూడా వినలేదనుకుంటాను.

బుధవారం తెల్లవారగానే మళ్ళీ ఎత్తాము. గురువారం ఉదయానికి వేలూరులో ఉండాలి, దారిలో పేర్ణంబట్టు కనుమ ఉంది, కనుక మధ్యాహ్నానికల్లా బయలుదేరాలి. ఎడమ పక్క కట్ట విప్పి, పట్టీలు తీసి, తిరిగి బిగించేసరికి ఎండ పెరట్లోకి వచ్చింది. ఇక కుడి పక్క. కుడి చక్రాలు ఊడదీసి గోడకు దొర్లించేసి, చిన్నాయన వెంటనే బండి కిందికి వెళ్ళిపోయాడు.

వరండాలో అద్దం కదిలింది.

"చక్రాలు యాడ పెట్టినారు?"

"అక్కా, సుమ్నే గమ్మున పండుకో. ఇంగ నాలుగు బోల్టులే ఉండేది."

"చక్రాలు కింద పెట్టినంక బోల్టు ఇప్పు. లేదంటే నేను వేలూరికి రాను."

చిన్నాయన కింది నుంచి పాకి బయటికి వచ్చాడు. మొహం నిండా గ్రీజు. ఏదో గొణుక్కుంటూ, నాతో కలిసి చక్రాలను దొర్లించి, ఒకదాని మీద ఒకటి చట్రం కిందికి తోసి, అత్తకు వినపడేలా పెట్టినాం తల్లీ అని అరిచి, మళ్ళీ కిందికి వెళ్ళాడు.

మా ఊరు తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. గనులు నడిచే రోజుల్లో మా కాళ్ళ కింద భూమి ఖాళీ. ఎంతో లోతున బండరాయి తన మీది బరువు ఓర్చుకోలేక అప్పుడప్పుడు పగిలేది, దాన్ని రాక్ బర్స్టు అనేవాళ్ళు. పైన ఇళ్ళల్లో గిన్నెలు గలగలలాడేవి, పటాలు పక్కకు ఒరిగేవి. కొత్తగా వచ్చినవాళ్ళు వీధిలోకి పరుగెత్తేవాళ్ళు. మేము అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేవాళ్ళం కాదు. లోపల షిఫ్టులో మనిషి ఉన్న ఇళ్ళవాళ్ళు మాత్రం సైరను కోసం చెవి పెట్టేవాళ్ళు. అంత అలవాటైన సంగతి గనకనే, బండిని జాకీ మీద నిలబెట్టినప్పుడు మా ఇద్దరిలో ఎవరమూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మరో ఊరివాడయితే నేల కదలడం గురించి మొదట ఆలోచించి ఉండేవాడు.

ముందు వంటింట్లో ఇత్తడి బిందెలు మోగాయి. తర్వాత నా అరికాళ్ళ కింద ఎవరో పెద్ద తలుపు మూసినట్టయింది. జాకీ కింద వేసిన బండ పక్కకు జరగడం నేను కళ్ళారా చూశాను, జాకీ మెడ వంగింది, నేను అరిచేలోపల యాత్రబండి పడింది.

దుమ్ము. పందిరి రేకుల చప్పుడు. వరండాలో అద్దం పగిలిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. బండి చట్రం చక్రాల మీద కూర్చుని ఉంది. చట్రానికీ నేలకూ మధ్య ఉన్న సందులోకి నేను వంగి చూడాలి, వంగలేకపోయాను.

"తమ్ముడా!"

మా అత్త ఆ మాట అరవడం నేను ఎప్పుడూ వినలేదు. తిరిగి చూశాను. ఆమె తల ఎత్తింది. ఒక భుజం కూడా బల్ల మీద నుంచి లేచింది.

"ఉండా అక్కా" అని కింది నుంచి గొంతు వచ్చింది, దుమ్ముకు దగ్గుతూ. "ఇంగా ఉండా. మీసం ఒకటే ఛాసీకి అంటుకుని ఉండాది, తలకాయ నా దగ్గరే ఉండాది."

నేను చిన్నాయన దగ్గరికి పోలేదు. అత్త కాళ్ళ దగ్గరికి పోయాను. ఆమె అప్పటికే తల వాల్చేసి, కప్పును చూస్తోంది. బొటనవేళ్ళు కదిలించు అత్తా అన్నాను. ఎడమ వేలు కదిలింది. కుడిది కదలలేదు. కదిలిస్తా ఉండా కదరా అంది ఆమె. నేను వేలినే చూస్తున్నాను. ఆమె నా మొహాన్ని చూసింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

"గేటు తెరువు" అంది.

నాకు అర్థం కాలేదు.

"గేటు తెరువురా. పక్కింటి మేస్త్రీని పిలువు. వాళ్ళ షిఫ్టు వాళ్ళను అందర్నీ రమ్మను. పొద్దు పోతా ఉండాది."

మా పక్కింట్లో ఉండేది గనిలోపల పనిచేసే తమిళ మేస్త్రీ. గోడకు ఆ పక్క, ఈ పక్క ఉంటూ ఎన్నో ఏళ్ళలో ఒకరి గడప ఒకరు తొక్కలేదు. ఆయన అప్పుడే రాత్రి షిఫ్టు దిగి స్నానం చేసి ఉన్నాడు. నేను నోరు తెరవకముందే, బండి పడిన చప్పుడు విన్నాను సార్ అంటూ, తడి తలతోనే ఐదారుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇనప గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాను, ఆ గేటు అంత వెడల్పని నాకే తెలియదు. వాళ్ళు లోపల దుంగలు నిలబెట్టే మనుషులు, మోకులూ దిమ్మలూ తెచ్చారు. ఒకరు హెచ్చరిక పాడితే మిగిలినవాళ్ళు అందుకుంటూ బండిని అంగుళం అంగుళంగా లేపారు. చిన్నాయన బయటికి వచ్చి, వాళ్ళందరి ముందూ గ్రీజు మొహంతో నిలబడి లుంగీ దులుపుకున్నాడు. మేస్త్రీ సున్నం రాలిన గోడలూ, రేకుల పందిరీ, అన్నీ ఒక్కసారి కలియజూసి నవ్వాడు.

"ఇరవై ఏళ్ళుగా మీ గేటుకు ఇవతల ఏముంటాదో చూడాలని ఉండె సార్. సింహం ఉంటాదని మా పిల్లోళ్ళకు చెప్పి అన్నం పెడతా ఉంటిమి. ఇంత చేసి మా ఇంట్లో మాదిరే ఉండాది!"

అత్త వరండాలో పడుకునే నవ్వింది. ఆ నవ్వుకు భయపడి నేను మళ్ళీ ఆమె కాళ్ళను చూశాను. ఎడమది కదిలింది. కుడిది అలాగే ఉంది.

అన్ని చేతులు పడేసరికి మిగిలిన పని తొందరగా అయిపోయింది. అదనపు పట్టీలు, వాటితో రెండు పక్కలా ఒక్కో పాతదీ బయటికి వచ్చాయి. కొత్త బుష్షుల్లో పిన్నులు నూనె పూసినట్టు దిగాయి. గౌనిపల్లి నుంచి పాత కౌలుదారు పంపిన రాగుల మూటలు రెండు, కమాను కాస్త అణిగి ఉండాలని వెనక చక్రాల పైన పెట్టాము. దిమ్మలు తీసేయగానే బండి వెనక భాగం మెల్లగా కుంగి, వంగి, నిలిచింది. చిన్నాయన దాన్ని చూశాడు. చెంబు పెట్టి పరీక్ష చేసేంత పొద్దు లేదు. అయినా అత్త నింపి పెట్టమంది, ఈసారి బోల్టులకు కాదు, తన వెన్నుకు పరీక్ష అంది.

షిఫ్టు వాళ్ళే ఆమెను బల్లతో సహా ఎత్తి బండిలోకి చేర్చారు. గేటులోంచి పట్టపగలు, బజారు మధ్యగా, వెనక భాగం వాలిపోయిన యాత్రబండి బయలుదేరింది. కిటికీ రెక్కలు మూయబోతే అత్త వద్దంది. అంగళ్ళ ముందున్నవాళ్ళు లేచి నిలబడి చూశారు. నేను చిన్నాయన వీపు చూస్తూ కూర్చున్నాను. ఆ వీపు వంగలేదు. బండి వంగింది గానీ ఆయన వంగలేదు.

బేతమంగళం దాటాము, వి.కోట దాటాము. నేను బండి నేల మీద కూర్చుని, రెండు అరిచేతుల్లో అత్త పాదాలు పట్టుకున్నాను. నా కళ్ళ ఎదురుగా గూట్లో చెంబు. గుంత వచ్చినప్పుడల్లా బండి మెల్లగా కిందికి దిగి, మెల్లగా పైకి లేచేది, ఊయల ఊగినట్టు. నీళ్ళు అంచు మీదికి వచ్చి, ఆలోచించి, వెనక్కి పోయేవి. కనుమ మలుపుల్లో మాత్రం ఒక్కో చుక్క జారింది. ప్రతి చుక్కా గోడ మీద గీత గీస్తూ దిగడం చూశాను. అత్త ఒక్కసారి మాత్రం, ఈ కనుమలోనే నాయన బండి ఆపి నాకు పుచ్చకాయ కోసి ఇచ్చినాడు అంది. కుడి పాదం నా చేతిలో చల్లగా ఉంది. దాన్ని రుద్దుతూనే ఉన్నాను, కనుమ దిగింది, గుడియాత్తం వచ్చింది, చీకటి పడుతుండగా వేలూరు దీపాలు కనిపించాయి.

ఆసుపత్రి వాకిట్లో బండి ఆగింది. స్ట్రెచరు తీసుకుని మనుషులు వచ్చారు. అత్త వాళ్ళను చెయ్యెత్తి ఆపి, చెంబు ఇవ్వమని నన్ను అడిగింది. వేలు ముంచి చూసింది, అంచుకు ఒక వేలి వెడల్పు తగ్గింది, అంతే. తల ఎత్తనివ్వకుండానే నేను ఆ నీళ్ళు ఆమె నోట్లో కొద్దికొద్దిగా పోశాను. రెండు గుక్కలు తాగి, మిగిలింది వాడికియ్యి, పొద్దుటి నుంచి వాడు నోరు తడుపుకోలేదు అంది. చిన్నాయన డ్రైవరు సీటులోంచి దిగి, ఆ వాకిట్లో అంతమంది ముందర, తల వెనక్కి వాల్చి, చెంబు ఎత్తి తాగాడు. ఆ తర్వాత ఆమెను తీసుకెళ్ళారు. మా ఇంటి మనిషి మొట్టమొదటిసారి పరాయి కప్పు కింద పడుకుంది.

అత్త నడిచింది. ఆపరేషను తర్వాత, ఆ కుడి బొటనవేలు కదలడానికి చాలా కాలం పట్టింది, కానీ కదిలింది. ఆ కాలు కాస్త ఈడ్చేది, వెన్ను మాత్రం మళ్ళీ నిలవలేదు. దూలంలా నడిచిన మనిషి మిగిలిన జీవితమంతా నేలను చూస్తూ కర్ర పట్టుకుని నడిచింది, ఆ నడకలో కూడా ఎవరూ ఆమెకు దారి ఇవ్వకుండా లేరు. ఆ గేటుకు ఆ రోజు తెరిచిన తర్వాత మళ్ళీ గడియ పడలేదు. మేస్త్రీ భార్య సాయంత్రాలు వచ్చి వరండాలో కూర్చుని అత్తతో కబుర్లు చెప్పేది, పిల్లలు సింహాన్ని చూడటానికి వచ్చి చిన్నాయన మీసం చూసి పోయేవాళ్ళు.

ఇప్పుడు అత్త లేదు, చిన్నాయన లేడు. గనులు మూసేశారు, మేస్త్రీ కుటుంబం కృష్ణగిరి వైపు వెళ్ళిపోయింది. బండి ఇంటితో పాటే పోయింది. ఆ రోజు బయటికి తీసిన పాత పట్టీ ఒకటి నా దగ్గర ఉంది, రాత్రిళ్ళు ఈ అద్దె ఇంటి తలుపుకు అడ్డంగా పెడతాను. వేలూరుకు ఇప్పుడు మంచి రోడ్డు ఉందట, ఫోను చేస్తే అంబులెన్సు వాకిట్లోకి వస్తుంది, ఎవరూ తమ మనిషి కోసం తమ బండి కింద పడుకోనక్కర్లేదు. బాగుంది, కాదనను.

చెంబు కూడా ఉంది. రోజూ పొద్దున్నే అంచు దాకా నింపి వరండా పిట్టగోడ మీద పెట్టుకుంటాను, తాగడానికే. అప్పట్లో ఈ ఊళ్ళో ఏ గదిలో నీళ్ళు పెట్టినా ఎప్పుడో ఒకప్పుడు వణికేవి, మేము తలెత్తి చూసేవాళ్ళం కాదు. గనుల్లో పని ఆగిపోయిన తర్వాత నేల ఎన్నడో తప్ప కదలడం లేదు. హంపు మీది నుంచి పెద్ద లారీ దిగినప్పుడు మాత్రం నీటి మీద ఒక సన్నని వలయం లేస్తుంది. అప్పుడు కుర్చీలోంచి లేచి వెళ్ళి చూస్తాను. ఒక్క చుక్క కూడా బయట పడి ఉండదు.